షూస్ విప్పించని చెకప్ చెకప్పే కాదు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్.ఏ., కీళ్ళు వాచిపోయే జబ్బు) ఉన్నవాళ్ళకి చెకప్ అంటే ఎలా ఉంటుందో బాగా తెలుసు. చేతులు చాపమంటారు, ఒక్కో వేలి కణుపూ నొక్కి చూస్తారు, తర్వాత మణికట్టు, మోచెయ్యి, భుజం, మోకాలు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఈఎస్ఆర్, దాని రిపోర్టు ఓసారి చూస్తారు, మొత్తం మీద మీకు ఎలా ఉందో వందలో ఎంతో (మార్కు పెరిగితే బాధ ఎక్కువన్నట్టు) చెప్పమంటారు, ఇవన్నీ కలిపితే ఒక నంబరు వస్తుంది, దాన్ని బట్టి మందు పెంచడమో తగ్గించడమో అలాగే ఉంచడమో. ఇంత జరిగేదాకా పాదాలు మాత్రం షూస్‌లోనే ఉంటాయి. ఈ పద్ధతి మారాలని గట్టిగా చెప్పడానికే ఈ పోస్టు. పాదాలు చూడకుండా ఆర్.ఏ. ఉన్న మనిషికి "జబ్బు కంట్రోల్‌లో ఉంది" అని చెప్పకూడదు, ఎవ్వరూ చెప్పకూడదు.

ఆ నంబరు పేరు డాస్ 28, జబ్బు ఎంత చురుగ్గా ఉందో చెప్పే స్కోరు. అంటే 28 కీళ్ళ లెక్క. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్ళు, మిగతా ఇరవై చేతివేళ్ళవి. కాలివేళ్ళు లేవు, పాదం మధ్య భాగం లేదు, మడమ లేదు, ఆఖరికి చీలమండ కూడా లేదు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి, అడుగేసిన ప్రతిసారీ ఒంటి బరువంతా వాటి మీదే పడుతుంది, వాటిలో ఒక్కటీ ఈ లెక్కలోకి రాదు. మొదట్లో ఇలా లేదు. నెదర్లాండ్స్‌లో 1990ల తొలి రోజుల్లో తయారైన అసలు డాస్‌లో వాపు కోసం చూడాల్సిన కీళ్ళు 44, చీలమండలు, కాలివేళ్ళ మొదళ్ళలో ఉండే కీళ్ళు అందులో ఉండేవి. అన్నీ చూడాలంటే టైం పడుతుంది, పైగా పాదం వాపు నీరు చేరడం వల్లా ఒళ్ళు బరువు వల్లా కూడా వస్తుంది కాబట్టి అది కీలు వాపో కాదో చేత్తో తేల్చడం కష్టం. 1995లో 28 కీళ్ళ వెర్షన్ వచ్చింది, త్వరగా అయిపోతుంది కాబట్టి అదే అందరికీ అలవాటైపోయింది.

అలా కుదించినవాళ్ళది తప్పని నేననను. వేలమంది మీద ఒక మందు పనిచేస్తోందా లేదా తేల్చాలంటే 28 కీళ్ళు చాలు, ఎవరికో పాదాల్లో వాపు మిగిలిపోయినా మొత్తం లెక్కలో అది పెద్ద తేడా తేదు. కానీ డాక్టర్ ముందు కూర్చున్నది వేలమంది కాదు కదా, ఒక్క మనిషి, ఆ మనిషికి జబ్బు మిగిలింది పాదాల్లోనే కావచ్చు. గుంపుని కొలవడానికి చేసిన స్కేలుతో ఒక్కొక్కళ్ళని కొలిచి అదే ఫైనల్ అనడం, నా గొడవంతా దాని గురించే. 2011లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ళ జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి రెమిషన్‌కి, అంటే జబ్బు దాదాపు పూర్తిగా అణిగి ఉండడానికి, నిర్వచనం రాసినప్పుడు కూడా లెక్క 28 కీళ్ళకే ఉంచాయి గానీ, పాదాలు, చీలమండలు కూడా చూడడం మంచిదని అందులోనే చెప్పాయి. నిర్వచనం క్లినిక్కుల్లోకి వచ్చినంత గట్టిగా ఆ సలహా రాలేదు.

"మరి పేషెంట్ వందలో ఎంతో చెప్తారుగా, పాదాల నొప్పి అందులో కలిసే ఉంటుందిగా" అంటారు కొందరు. కలుస్తుంది, కానీ ఎంత? డాస్ 28 ఫార్ములాలో ఆ మార్కుని 0.014తో గుణిస్తారు. పాదాల నొప్పి వల్ల నేను చెప్పే మార్కు 20 నుంచి 60కి పెరిగిందనుకోండి, స్కోరు పెరిగేది 0.56. మనిషి నడవలేని స్థితికి వచ్చినా స్కోరులో కనపడేది అంతే. పైగా చేతులు బాగుండి, రిపోర్టులు బాగుండి, మార్కు ఒక్కటే ఎక్కువగా ఉంటే దాన్ని దిగులు కింద, నీరసం కింద తీసేయడం చాలా తేలిక.

నాకు అచ్చంగా ఇదే జరిగింది. స్కోరు 2.6 కంటే కిందికి దిగింది, దాన్ని రెమిషన్ అంటారు, చుట్టూ అందరూ సంతోషించారు. ఆ రోజుల్లో నేను పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యాలంటే గోడ పట్టుకునేదాన్ని, అరికాలు ముందు భాగంలో గులకరాళ్ళ మీద నడుస్తున్నట్టు ఉండేది, షూలో రాయేమైనా పడిందా అని విప్పి దులిపితే ఏమీ ఉండేది కాదు. చెకప్‌లో చెప్తే నిలబడి చేసే పని తగ్గించుకోమన్నారు. తర్వాత వేరే రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు సాక్స్ విప్పమంది, కాలివేళ్ళ మొదళ్ళని రెండు పక్కల నుంచీ మెల్లగా కలిపి నొక్కింది, నేను కుర్చీలోంచి లేచినంత పనైంది. అల్ట్రాసౌండ్‌లో నాలుగైదు కీళ్ళలో వాపు స్పష్టంగా కనిపించింది. చేతుల్లో తగ్గిన జబ్బు పాదాల్లో నడుస్తూనే ఉంది. ఇది నా ఒక్కదాని కథ కాదు, స్కోరు ప్రకారం రెమిషన్‌లో ఉన్నవాళ్ళ పాదాలకి అల్ట్రాసౌండ్, ఎమ్మారై చేస్తే కొంతమందిలో వాపు మిగిలే ఉంటుందని పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ బయటపడింది.

అసలు ఈ జబ్బుకి పాదాలంటే మొదట్నుంచీ గురే. ఆర్.ఏ. ఉన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఎప్పుడో ఒకప్పుడు పాదాల బాధ పడతారని చెప్తారు. కొంతమందికి చేతుల కంటే ముందు కాలివేళ్ళ దగ్గరే మొదలవుతుంది, వాళ్ళు షూ సైజు సరిపోవట్లేదనో ఎక్కువ నడిచామనో అనుకుంటూ నెలలు గడిపేస్తారు. ఎముక అంచు కొరికేసినట్టు అవడం, ఎరోషన్ అంటారు దాన్ని, ఎక్స్‌రేలో చాలామందికి మొదట కనపడేది కాలి చిటికెనవేలి మొదట్లో ఉండే కీలు దగ్గర. పరిశోధనల్లో ఎక్స్‌రేలు చూసి జబ్బు ఎంత ముదిరిందో లెక్కేసే షార్ప్-వాన్ డెర్ హైడే స్కోరులో ఒక్కో పాదం నుంచి ఆరు కీళ్ళు ఉంటాయి. పాడైపోయిన ఎముకని లెక్కపెట్టేటప్పుడు పాదం కావాలి, పాడవకముందు వాపుని లెక్కపెట్టేటప్పుడు పాదం అక్కర్లేదు, ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకింత తొందరపెడుతున్నానో అర్థమవుతుంది. కీలు లోపలి పొర వాచిపోయి ఉబ్బుతుంది, కాలివేళ్ళ మొదళ్ళలో ఆ వాపు పక్కపక్కనున్న వేళ్ళని దూరంగా తోస్తుంది, ఇంతకుముందు దగ్గరగా ఉన్న రెండు వేళ్ళ మధ్య సందు కనపడుతుంది, అద్దం ముందు నిలబడితే మీరే చూస్కోవచ్చు. కొన్నాళ్ళకి కీలుని కింద నుంచి పట్టి ఉంచే గట్టి పొర, చుట్టూ ఉన్న లిగమెంట్లు సాగిపోతాయి. వేలు పైకి లేచి కొక్కెంలా వంగుతుంది, దాని వెనకున్న ఎముక తల కిందికి, అరికాలు వైపు దిగుతుంది. మామూలుగా అక్కడ మెత్తగా కొవ్వు దిండు ఒకటి ఉంటుంది, వేలు పైకి లేచినప్పుడు అది కూడా ముందుకి జరిగిపోతుంది. అంటే బరువు పడే చోట ఎముకకీ నేలకీ మధ్య మిగిలింది చర్మం మాత్రమే, ఆ చర్మం తనని తాను కాపాడుకోడానికి మందమెక్కి ఆనెకాయ అవుతుంది. బొటనవేలు పక్కకి తిరిగి రెండో వేలి మీదకో కిందకో వెళ్తుంది, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొస్తుంది, షూ అక్కడ రాసుకుని ఎర్రబడుతుంది. ఈ వరసలో ఒక దశ దాటాక ఎంత మంచి మందు వేసినా వేలు తిరిగి తిన్నగా అవదు. మందు వాపుని తగ్గిస్తుంది, సాగిపోయిన లిగమెంటుని బిగించలేదు. అందుకే పాదం విషయంలో "తర్వాత చూద్దాం" అనే మాట చాలా ఖరీదైనది.

ముందు పాదం గురించైనా కాస్త మాట్లాడతారు, వెనక పాదం గురించి అదీ ఉండదు. చీలమండ లోపలి వైపు నుంచి వచ్చి పాదం కింద వంపుని పైకి పట్టి ఉంచే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) ఒకటుంది, టిబియాలిస్ పోస్టీరియర్ అంటారు. ఆర్.ఏ.లో దాని తొడుగు వాస్తుంది, మెల్లగా అది బలహీనపడుతుంది, దాంతోపాటు మడమ కీలూ, పాదం మధ్యలో కీళ్ళూ వాచి ఉంటే వంపు కుంగిపోయి పాదం చదునైపోతుంది, మడమ బయటికి వాలిపోతుంది. వెనక నుంచి చూసేవాళ్ళకి చిటికెనవేలి వైపు మామూలు కంటే ఎక్కువ వేళ్ళు కనపడతాయి. గోడకి చేతులానించి ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తడానికి ప్రయత్నించండి, ఒక కాలితో అవుతూ రెండో కాలితో అవ్వకపోతే, లేదా చీలమండ లోపలి వైపు నొప్పి, వాపు ఉంటే, వెంటనే చూపించుకోండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. పాదం ఇంకా మెత్తగా, చేత్తో సరిచేస్తే సరి అయ్యే స్థితిలో ఉన్నప్పుడు ఇన్సోల్‌తో (షూ లోపల పెట్టుకునే అట్ట), బ్రేస్‌తో ఆపడానికి వీలుంటుంది. గట్టిపడిపోయాక మిగిలేది ఆపరేషన్. పైగా మడమ అలా వాలితే మోకాలి మీద కూడా బరువు తేడాగా పడుతుంది, అప్పుడు అందరూ మోకాలికి వైద్యం చేస్తూ ఉంటారు.

ఇంకో వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే పాదం నొప్పి అంటే మందు పెంచండి అని నేను అంటున్నట్టు అవుతుంది. అలా కాదు. పాదంలో నొప్పంతా వాపు వల్లే రాదు. జబ్బు పూర్తిగా చల్లబడ్డాక కూడా వంకరపోయిన ఎముకలు నొప్పి పెడతాయి, వేళ్ళ మధ్య నరం నలగొచ్చు, చీలమండ లోపలి వైపు నరం వాపు కింద నొక్కుకుని అరికాలు మంటలు, తిమ్మిర్లు రావచ్చు, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్ళకి ఎముక పలచబడి చిన్న దెబ్బకే సన్నటి పగులు రావచ్చు. వీటికి ఇంకో బయాలజిక్ (ఆర్.ఏ. వాపుని అణిచే మందు) ఇంజెక్షన్ మొదలుపెట్టి ప్రయోజనం లేదు. ఒకరికి వాపు ఉండీ మందు పెంచరు, ఇంకొకరికి వాపు లేకుండానే పెంచుతారు, రెండింటికీ కారణం ఒక్కటే, పాదాన్ని ఎవరూ ముట్టుకుని చూడలేదు. చేత్తో తేలకపోతే అల్ట్రాసౌండ్ ఉంది, దానికి రేడియేషన్ కూడా ఉండదు.

చర్మం, గోళ్ళ సంగతి చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మనకి చిన్నది కాదు. స్టెరాయిడ్లతో చర్మం పలచబడుతుంది, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతుంటాం, గోరు లోపలికి దిగి చీము పట్టినా, ఆనెకాయ కింద పుండు పడినా తొందరగా ముదురుతుంది. ఇన్ఫెక్షన్ ఉందని అనుమానం వస్తే తర్వాతి బయాలజిక్ డోసు వేసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, చాలాసార్లు ఆ డోసు ఆపమంటారు. ఆనెకాయలకి అతికించే యాసిడ్ ప్లాస్టర్లు మనకి పనికిరావు, మంచి చర్మాన్ని కూడా తినేస్తాయి. బ్లేడుతో కోసుకోవడం అసలే వద్దు. పోడియాట్రిస్ట్ (పాదాల వైద్య నిపుణులు) జాగ్రత్తగా చెక్కితే కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, కానీ కింద ఎముక అలాగే నొక్కుతుంటే మళ్ళీ వస్తుంది, అందుకని చెక్కించుకోవడంతో ఆగకుండా బరువు ఎక్కడ పడుతోందో దాన్ని మార్చాలి. ఒక్కసారిగా పాదం పైకి లేవకుండా జారిపోతుంటే, వేళ్ళ చివర్ల నల్లటి మచ్చలు వస్తే, కాలి మీద కారణం లేకుండా పుండ్లు పడితే అది రక్తనాళాల వాపు కావచ్చు, అది ఆ రోజే చూపించుకోవాల్సిన విషయం.

ఇక షూస్. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ఎందుకంటే మన చేతిలో ఎక్కువ ఉన్నది ఇక్కడే, ఎక్కువ నిర్లక్ష్యం జరిగేదీ ఇక్కడే. మంచి షూ అంటే మెత్తగా ఉండేది అనుకుంటారు, వేలితో నొక్కితే దూదిలా దిగిపోయేది కొనుక్కుంటారు, దాంట్లో పాదం ఇంకా అటూ ఇటూ వాలిపోతుంది. కావాల్సింది మడమ వెనక గట్టిగా పట్టుండే భాగం, మధ్యలో మెలితిప్పితే తిరగని సోలు, వేళ్ళ దగ్గర మాత్రమే వంగాలి, వేళ్ళకి వెడల్పే కాదు ఎత్తు కూడా ఉండాలి, ఎందుకంటే కొక్కెంలా వంగిన వేలి పైభాగం షూకి రాసుకునే పుండు పడుతుంది. ఆడవాళ్ళ షూస్ చాలావరకు ముందు సన్నగా చేస్తారు, మనకి వచ్చే జబ్బేమో వేళ్ళ మొదళ్ళని వెడల్పు చేస్తుంది, ఈ జబ్బు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది, ఈ మూడూ కలిపి చూస్తే ఎంతమంది ఎంత నొప్పి ఊరికే మోస్తున్నారో అనిపిస్తుంది. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి, రెండు పాదాలూ కొలిపించుకోండి, పెద్ద పాదానికి సరిపోయేది తీసుకోండి. లేసులు కట్టుకోడానికి వేళ్ళు సహకరించకపోతే వెల్క్రో తీసుకోండి, కట్టుకోలేక వదులుగా వదిలేసిన లేసు షూ కంటే అదే నయం. ముందు పాదం బాగా నొప్పిగా ఉంటే సోలు ముందు భాగం పైకి వంగి ఉండే రాకర్ సోల్ అడగండి, అడుగేసినప్పుడు వేళ్ళు వంగాల్సిన అవసరం తగ్గిపోతుంది.

ఇన్సోల్ గురించి ఒక్క ముఖ్యమైన సంగతి. అరికాలు ముందు భాగానికి పెట్టే చిన్న ప్యాడ్‌ని నొప్పి ఉన్నచోటే పెట్టుకుంటారు చాలామంది. అది నొప్పి పుట్టే ఎముక తలకి కాస్త వెనక, మడమ వైపు ఉండాలి, అక్కణ్ణించి ఎముకని పైకి ఎత్తి బరువుని పంచాలి. నొప్పి ఉన్నచోటే పెడితే ఇంకా నొక్కుతుంది, రెండ్రోజులు వాడి ఇన్సోల్స్ పనిచెయ్యవని పక్కన పడేస్తారు. నాకు పోడియాట్రిస్ట్ ఆ ప్యాడ్‌ని ఒక వేలు వెడల్పు వెనక్కి జరిపినప్పుడు వచ్చిన తేడా అంతకుముందు పెయిన్ కిల్లర్‌తో ఎప్పుడూ రాలేదు. కొత్త ఇన్సోల్ రోజూ కొంచెం కొంచెం టైం పెంచుతూ వాడాలి, అది షూలో చోటు తింటుంది కాబట్టి షూ కొనేటప్పుడు వెంట తీసుకెళ్ళాలి.

బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఎలా వైద్యం చెయ్యాలో గైడ్‌లైన్లు రాసే నైస్ సంస్థ ఆర్.ఏ. గైడ్‌లైన్‌లో పాదాల సమస్యలున్న ప్రతి పేషెంట్‌కీ పోడియాట్రిస్ట్ అందుబాటులో ఉండాలని, అప్పుడప్పుడూ మళ్ళీ చూడాలని, అవసరమైనవాళ్ళకి ఇన్సోల్స్, ప్రత్యేకమైన షూస్ ఇవ్వాలని రాసుంది. అంటే ఇది నా గొంతెమ్మ కోరిక కాదు, వైద్యంలో భాగమే. పోడియాట్రిస్ట్ దొరకని చోట ఈ జబ్బు తెలిసిన ఫిజియోథెరపిస్ట్, ఇన్సోల్స్ తయారుచేసే ఆర్థోటిస్ట్, పాదాల మీద పనిచేసే ఆర్థోపెడిక్ సర్జన్, ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి. ఎవరి పనీ కాదు అని వదిలేయడమే అసలు సమస్య.

ఆపరేషన్ మాటెత్తితే భయపడతారు. అన్నీ చేసినా నడక పోతుంటే అది చెయ్యాల్సిన పనే. బొటనవేలి మొదటి కీలుని అతికించేసి కదలకుండా చేస్తారు, వినడానికి భయంగా ఉన్నా నొప్పి తగ్గడంలో మంచి పేరున్న ఆపరేషన్ అది, మిగతా వేళ్ళ దగ్గర దిగిపోయిన ఎముక తలల్ని తీసేయడమో, ఈమధ్య కీలు ఉంచే పద్ధతులో చేస్తారు. వెనక పాదానికి కీళ్ళు అతికిస్తారు, చీలమండకైతే అతికించడం, కీలు మార్పిడి రెండూ ఉన్నాయి. ఆర్.ఏ.కి వాడే మెతోట్రెక్సేట్ మందు ఆపరేషన్ కోసం సాధారణంగా ఆపక్కర్లేదు, బయాలజిక్ అయితే డోసు చూసుకుని ఆపరేషన్ తేదీ పెడతారు, ఇది సర్జన్, రుమటాలజిస్ట్ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాలి. జబ్బు చాలా ఏళ్ళుగా ఉంటే మెడ పైభాగం ఎముకలు వదులై ఉండొచ్చు కాబట్టి మత్తు ఇచ్చేముందు ఆ సంగతి గుర్తుచెయ్యండి. పొగ తాగేవాళ్ళకి గాయాలూ, అతికించిన ఎముకలూ మానడం కష్టమవుతుంది, మందులు పనిచెయ్యడం కూడా తగ్గుతుంది.

డాక్టర్లకి టైం లేదన్నది నిజం, ఆ గది బయట ఎంతమంది కూర్చుంటారో నాకూ తెలుసు. అందుకే పేషెంట్లకి చెప్తున్నా, వాళ్ళు అడిగేదాకా ఆగకండి, తేలిగ్గా విప్పగలిగే షూస్ వేసుకెళ్ళి, పేరు పిలవడానికి ముందే సాక్స్ తీసేసి ఉండండి. ఎప్పట్నుంచి, ఏ చోట, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అన్నది కాగితం మీద పాదం బొమ్మ గీసి గుర్తు పెట్టుకెళ్ళండి, పొద్దున ఎక్కువసేపు బిగుసుకుపోయి ఉంటే వాపు వైపు చూపిస్తుంది, నిలబడ్డకొద్దీ పెరిగితే బరువు, ఎముకల వైపు. రోజూ వేసుకునే పాత షూస్ తీసుకెళ్ళండి, సోలు ఏ వైపు అరిగిందో అందులో కనపడుతుంది. "వేళ్ళ మొదళ్ళు నొక్కి చూడండి, నిలబెట్టి వెనక నుంచి చూడండి" అని డాక్టర్‌ని ఈ రెండూ అడగండి, నిమిషం కూడా పట్టదు. రెమిషన్ అన్నప్పుడు "పాదాలు కూడా కలిపేనా డాక్టర్ గారూ" అని అడగండి, ఆ జవాబుని ఫైల్‌లో రాయించుకోండి.